మూడు బ్రిగేడ్లు, ఒకే బంతి

జనవరి 5, ఆదివారం

ఈ పుస్తకం మా ఆవిడ అన్నపూర్ణ ఇచ్చింది. వాళ్ల స్కూల్లో పిల్లలకు పంచగా మిగిలినది. నిన్న మస్కట్ ఘుబ్రాలో మా ఇంటి దగ్గర నేను బస్సెక్కే ముందు సంచిలో పెట్టి, "కోపం వస్తే ఇందులో రాసుకోండి. ఫోన్ చేసి నా మీద కురిపించొద్దు" అంది. మొదటి పేజీ మీద తేదీ కూడా తనే వేసింది. టీచరమ్మ కదా, చెయ్యి ఊరుకోదు.

ఇవాళ కోపం రాలేదు. అయినా రాస్తున్నాను.

క్యాంపు నిజ్వా దాటాక నలభై నిమిషాల దూరం. చుట్టూ కంకర నేల, దూరంగా కొండలు. మూడు బ్రిగేడ్ల నుంచి తలా ముప్పై ఆరు మంది దిగారు. తూర్పు ఆఫ్రికా వాళ్లు, దక్షిణాసియా వాళ్లు, అరబ్బు దేశాల వాళ్లు. మొత్తం నూట ఎనిమిది మంది. వీళ్లను కలిపి ఒక కంపెనీ చేయాలి. ఆ కంపెనీ నిలబడితే దాని వెనక మూడు బ్రిగేడ్లూ కలిసి ఒకే శాంతి సేన అవుతాయి. ఎక్కడ గొడవలైనా ఒకే జెండా కింద వెళ్తాయి. నిలబడకపోతే ఎవరి విమానం వాళ్లు ఎక్కుతారు. ఆరు వారాలు గడువు. ఆఖరి రెండు వారాల్లో పరిశీలకులు వచ్చి పరీక్ష పెడతారు.

నా పని వాళ్ల భోజనం. ఇరవై ఎనిమిదేళ్లు ఇండియన్ ఆర్మీలో రేషన్లు చూసి సుబేదారుగా దిగాను. తర్వాత పదేళ్లు మస్కట్‌లో ఈ క్యాటరింగ్ కంపెనీలో. నూట ఎనిమిది మంది నాకొక లెక్క కాదు.

జనవరి 6, సోమవారం

వంటశాలకు మూడు కిటికీలు పెట్టారు, ఎవడి తెలివో గాని. ఒక కిటికీలో ఉగాలి, రాజ్మా. ఇంకోదాన్లో పప్పూ అన్నం. మూడో దాన్లో ఖుబూస్ రొట్టెలు, మాంసం. ఉగాలి అంటే మొక్కజొన్న సంకటి. మా హెడ్ కుక్ లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె, పదహారేళ్లుగా ఈ దేశంలోనే ఉన్నాడు. ఆ సంకటి గెలికి, నోట్లో వేసుకుని, నవ్వాడు.

"సార్, గిది మా మక్క గట్కనే. మా అవ్వ గిట్లనే గెలికేది. గీళ్లు మనోళ్లే సార్."

మనవాళ్లయితే ఏం లాభం, మూడు వరసల్లో నిలబడి, మూడు మూలల్లో కూర్చుని, ఏడు నిమిషాల్లో తిని పోయారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. కంపెనీ కమాండర్ మేజర్ గౌహర్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఒమానీయే, కాని బలూచీ కుటుంబం. ఇంట్లో బలూచీ, బయట అరబ్బీ, నాతో హిందీ.

"రావు సాబ్, మైదానంలో కలిపి నిలబెడతాను. ఇక్కడికి రాగానే విడిపోతున్నారు" అన్నాడు.

"మైదానం తప్పు కాదు సాబ్. ఈ కిటికీలది" అన్నాను.

జనవరి 8, బుధవారం

రెండు కిటికీలు మూయించాను. బల్లలకు నంబర్లు వేసి, ప్రతి బల్లకూ మూడు బ్రిగేడ్ల వాళ్లను కలిపి చార్టు రాశాను. రెండు గంటలు పట్టింది రాయడానికి. వాళ్లు చార్టు ప్రకారమే కూర్చున్నారు. ఇప్పుడు ఏడు నిమిషాలు కూడా పట్టలేదు, అయిదులో తిని లేచారు. బలవంతపు బ్రాహ్మణార్థం అంటే ఇదే.

అన్నపూర్ణకు ఫోన్ చేశాను. రెండు మాటలు విని, "పుస్తకం ఇచ్చాను కదండీ" అంది.

జనవరి 10, శుక్రవారం, ఘుబ్రా

పక్క బ్లాకులో బారసాల. హాల్లో కింద జంపఖానాలు పరిచి, అరిటాకులు వేసి బంతి పెట్టారు. నా పక్కన ఎవరో కడప ఆయన. ముక్కూ మొహం తెలియదు. ఆయన నెమ్మదిగా తింటున్నాడు. నాదయిపోయింది. బంతిలో అందరూ తినే దాకా లేవకూడదు కదా, ఏం చేస్తాను, మాటలు కలిపాను. పెరుగులోకి వచ్చేసరికి ఆయన మోకాలి ఆపరేషన్ దగ్గర్నుంచి అల్లుడి ఉద్యోగం దాకా నాకన్నీ తెలుసు.

ఆకు మడుస్తుంటే బుర్రలో వెలిగింది. ఇంటికొచ్చి అన్నపూర్ణతో చెప్పాను. "సైనికులకి బంతా!" అని అరగంట నవ్వింది. తర్వాత, "బాగుంటుందండీ, చెయ్యండి" అంది. ఆ నవ్వు కోసం ఇంకో పది వెర్రి ఆలోచనలు చేయొచ్చు.

జనవరి 12, ఆదివారం

బల్లలు తీయించేశాను. పొడుగు చాపలు ఎదురెదురుగా పరిచాను. ఈసారి చార్టు లేదు, ఎవరి బ్రిగేడ్ వాళ్లు ఒక పక్కకు చేరినా ముఖాలు ఎదురెదురుగానే. గౌహర్ ఒక్కసారి చూసి, "మా ఇంట్లోనూ కిందే కూర్చుంటాం" అని బూట్లు విప్పి మొదట కూర్చున్నాడు. ఇక కాదనేవాడెవడు?

నియమాలు రెండే. అందరికీ వడ్డన అయ్యాక కలిసి మొదలుపెట్టాలి. ఆఖరి మనిషి తినడం అయ్యాక కలిసి లేవాలి. ఎవరూ ముందు లేవడానికి లేదు.

మొదటి రోజు ఏం మాట్లాడుకోలేదు. కాని లేవలేదు.

జనవరి 15, బుధవారం

ఆఖరి మనిషి దొరికాడు. సార్జెంట్ ఒటియెనో, కెన్యా. ఆరున్నర అడుగుల మనిషి, పిచ్చుకలా తింటాడు. ప్రతి ముద్దా ఇరవై సార్లు నములుతాడు. నూట ఏడు మంది ఖాళీ పళ్లేల ముందు కూర్చుని ఆయన దవడ కేసి చూడ్డం. ఎంతసేపని చూస్తారు? బంగ్లాదేశ్ లెఫ్టినెంట్ సమ్రీన్ ముందుగా నోరు విప్పింది. "సార్జెంట్, మీ ఊళ్లో పెళ్లి భోజనాలు ఎన్ని రోజులు?" అని. ఒటియెనో నమలడం ఆపి, ఆలోచించి, "మూడు. నేను వెళ్తే నాలుగు" అన్నాడు.

అంతే. చాప ఈ కొస నుంచి ఆ కొస దాకా నవ్వు. జోర్డాన్ వాడికి నేపాలీ వాడు అర్థం చెబుతున్నాడు, ఏ భాషలోనో ఆ దేవుడికే తెలియాలి.

నేను వంటశాలలోకి వెళ్లి లింబాద్రి భుజం తట్టాను. గట్టిగా తగిలిందట.

జనవరి 19, ఆదివారం

వడ్డన సరిగ్గా లేదు. మా వాళ్లు గరిటెతో ఒకసారి వేసి మాయమవుతున్నారు. బంతి అన్నాక కొసరి వడ్డించాలి. అందర్నీ నిలబెట్టి చెప్పాను. పళ్లెం ఖాళీగా కనబడకూడదు. వద్దంటే అది మొహమాటం, వేయాలి. మళ్లీ వద్దంటే అప్పుడు చూడొచ్చు.

లింబాద్రి గరిటె పట్టుకుని తల గోక్కున్నాడు. "సార్, నిజంగనే వద్దంటున్నరేమో."

"నిజంగా వద్దనేవాడి ముఖం నాకు తెలుసు" అన్నాను.

జనవరి 23, గురువారం

కోడికూర మూడు ట్రేలు అదనంగా పట్టింది. సంతోషం.

జనవరి 28, మంగళవారం

మధ్యాహ్నం స్టోరు వెనక కూర్చుని ఉంటే ఒటియెనో వచ్చాడు. చేతిలో రెండు కప్పులు. అల్లం వేసి, పాలు ఎక్కువ పోసి, తనే కాచిన టీ. ఒకటి నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. నేను తాగలేకపోయాను. చల్లారిపోయింది.

ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చదవరు. పదిహేనేళ్ల కిందట ఆఫ్రికాలో ఐక్యరాజ్య సమితి శాంతి మిషన్‌లో ఉన్నాను. మా దేశం క్యాంపు, పక్కనే ఇంకో దేశం క్యాంపు, మధ్యలో ముళ్లకంచె. ఇద్దరి నెత్తినా ఒకే నీలం టోపీలు. వాళ్ల వంటాయన రోజూ సాయంత్రం కంచె మీదుగా నాకు టీ అందించేవాడు. ఇలాంటి టీయే. నేను మామిడికాయ పచ్చడి ఇచ్చేవాణ్ని. ఒకరోజు పొద్దున వాళ్ల గేటు మీద దాడి జరిగింది. మేము తుపాకులతో కంచె ఇవతల నిలబడ్డాం. దాటడానికి ఆజ్ఞ మా దేశం అధికారుల నుంచి రావాలి, వాళ్లు పిలిస్తే చాలదు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మేము దాటి వెళ్లేసరికి ఆయన వంటింటి గుమ్మంలో పడి ఉన్నాడు. మూడు నెలలు ఆయన టీ తాగాను. పేరు అడగలేదు.

ఈ నూట ఎనిమిది మందీ ఒకటి కావాలని నాకు ఎందుకంత పట్టింపో గౌహర్‌కు తెలియదు. అన్నపూర్ణకు ఒక్కదానికే తెలుసు. వీళ్లలో ఎవడూ కంచె ఇవతల ఆగిపోకూడదు. అంతే నాకు కావలసింది.

జనవరి 29, బుధవారం

ఒటియెనో వాళ్ల వైపు నేనే వడ్డించాను.

జనవరి 30, గురువారం

ఇవాళా నేనే.

ఫిబ్రవరి 2, ఆదివారం

దర్జీ దగ్గర యూనిఫారాలు గుట్ట పడ్డాయి. నడుము వదులు చేయాలట. లాండ్రీలో వేడినీళ్లు ఎక్కువ పెడుతున్నారు, గుడ్డలు కుంచించుకుపోయాయి. లాండ్రీ వాళ్లకు చెప్పాలి.

ఎల్లుండి అర్హత నడక. ఇరవై కిలోమీటర్లు, వీపున పద్దెనిమిది కిలోలు, నాలుగు గంటలు. పరిశీలకులు ఇవాళే దిగారు. వాళ్ల పెద్ద ఒక తెల్ల మీసాల కర్నల్. నడక దాటితేనే కంపెనీ నిలబడుతుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

తెల్లవారుజామున నాలుగింటికి పెసరట్టు ఉప్మా. నేతితో, అల్లం పచ్చడితో. నూట ఎనిమిది మందికి వేడివేడిగా వేయించాను. లింబాద్రి రెండు పెనాల మధ్య చెమటలు కక్కుతూ, "సార్, గింత దిని నడుస్తరా?" అన్నాడు. "తినకుండా ఎవడు నడుస్తాడు?" అన్నాను. ఒకటి తిన్నవాడికి రెండోది వేశాను. రెండు తిన్నవాడికి మూడోది.

అయిదున్నరకు బయల్దేరారు.

ఎనిమిది కిలోమీటర్ల దగ్గర మొదటివాడు కూర్చుండిపోయాడట. పన్నెండు దగ్గర వాంతులు. మొత్తం ఇరవై తొమ్మిది మంది దారిలో ఆగిపోయారు. అందులో పదిహేడు మంది తూర్పు ఆఫ్రికా వాళ్లే. ఒటియెనోని వ్యానులో తెచ్చారు. దిగి, నా కేసి చూడకుండా గుడారంలోకి వెళ్లిపోయాడు.

బూట్లు. కొత్త బూట్లు ఇచ్చారు పోయిన వారం. కొత్త బూట్లతో ఇరవై కిలోమీటర్లు ఎవడు నడుస్తాడు?

ఫిబ్రవరి 5, బుధవారం

కర్నల్ ఆలోచన ఏమిటో గౌహర్ చెప్పాడు. రెండు బ్రిగేడ్లను ఉంచి, తూర్పు ఆఫ్రికా వాళ్లను వెనక్కి పంపడం. వాళ్ల శరీర దారుఢ్యం చాలదట. గౌహర్ నిద్రపోయినట్టు లేడు. "మూడు లేకపోతే ఇది సేన కాదు రావు సాబ్. ఇద్దరి మధ్య పొత్తు" అన్నాడు.

బూట్ల సంగతి ఆయనకు చెప్పాను. తలూపాడు.

ఫిబ్రవరి 6, గురువారం

బూట్లే.

ఫిబ్రవరి 7, శుక్రవారం, ఘుబ్రా

బూట్ల గురించి అన్నపూర్ణకు మూడోసారి చెబుతుంటే కూరలు తరగడం ఆపి, "మీరు ఎంత పెట్టారు?" అంది.

"సైనికులకి పెట్టేంత."

"మా తమ్ముడు మనింట్లో పది రోజులుండి, ప్యాంటు పట్టక మీ లుంగీతో విమానం ఎక్కాడు. ఆ సైనికుడికి పెట్టినంతా?"

నేను తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తడం మొదలుపెట్టాను. తను ఆపలేదు.

"వాళ్లకి చెయ్యి అడ్డం పెట్టాలని ఎవరైనా చెప్పారా? మనవాళ్లయితే ఆకు మీదకి ఒంగిపోయి రెండు చేతులూ అడ్డం పెడతారు. అయినా వేళ్ల సందుల్లోంచి పోస్తాం మనం. పాపం వాళ్లకేం తెలుసండీ? వద్దంటే ఆగుతారనుకుని ఉంటారు."

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సమ్రీన్ ఒకరోజు ఆరుసార్లు వద్దంది, నేను లెక్కపెట్టి మరీ వేశాను. నేపాలీ వాళ్లు పళ్లెంలో మెతుకు వదలరు, తప్పు వాళ్లకి. కెన్యా వాళ్ల మెస్సులో అన్నం పారేస్తే శిక్ష. ఒమానీలు చాలు అనడానికి కాఫీ కప్పు ఊపుతారు, పళ్లేన్ని ఎలా ఊపుతారు? పైగా పక్క బ్రిగేడ్ వాడు తింటుంటే మనమెందుకు తగ్గాలని. ఎవరికీ ఆపడం తెలియదు. నేను ఆపనివ్వలేదు.

"ఎక్కువ ఎవరికి పెట్టారు?" అంది.

"అందరికీ ఒకటే."

అన్నపూర్ణ చేయి తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. మెల్లగా అంది. "ఆ వంటాయన ఆకలితో పోలేదండీ. ఎవరూ రానందుకు పోయాడు."

ముప్పై ఏళ్లు కాపురం చేశాం. ఈ మనిషి నా గుండెలోకి తలుపు తట్టకుండా వచ్చేస్తుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

కర్నల్ రేషన్ రిజిస్టర్ అడిగాడు. బ్రిగేడ్ల వారీగా ఎవరెంత తిన్నారో దాన్లో ఉంటుంది. తూర్పు ఆఫ్రికా వరసలో అంకెలు అందరికన్నా పెద్దవి. నా చేత్తో రాసినవే. ఆ పుస్తకం ఇచ్చి ఊరుకుంటే చాలు, తిండిపోతులు, క్రమశిక్షణ లేదు అని వాళ్లను పంపేస్తారు. నా మీదికి ఏమీ రాదు.

గౌహర్ గదిలో కర్నల్ పేజీలు తిప్పి, అనుకున్నట్టే అన్నాడు. "వీళ్లు తిండి దగ్గర తమను తాము ఆపుకోలేరు."

"వాళ్లు తినలేదు సర్. నేను పెట్టాను" అన్నాను.

ఆయనకు తేడా అర్థం కాలేదు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వంటశాలకు వెళ్లి ఒక పళ్లెం, గిన్నెడు అన్నం తెచ్చాను. పళ్లెం గౌహర్ చేతికిచ్చి, "వద్దనండి సాబ్" అన్నాను. వద్దన్నాడు. వేశాను. గట్టిగా వద్దన్నాడు. వేశాను. మూడోసారి ఆయన నవ్వాపుకుంటూ పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"ఇలా లాక్కునే హక్కు సిపాయికి ఉండదు సర్. మా వైపు మొదటి వద్దు మొహమాటం కింద లెక్క. ఆ సంగతి వాళ్లకు చెప్పకుండా మూడు వారాలు వడ్డించాను. తూర్పు ఆఫ్రికా వాళ్లకు నేనే స్వయంగా వడ్డించాను, అందుకే అంకె పెద్దది. నడక రోజు పొద్దున్న నేతి పెసరట్లు నా ఆలోచన. తప్పు కాళ్లది కాదు. గరిటెది."

కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. తేదీ కూడా వేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

నడక మళ్లీ పెడతారు, పద్దెనిమిదిన. మూడు బ్రిగేడ్లకూ. కాని కర్నల్ ఒక షరతు పెట్టాడు. ఈసారి బ్రిగేడ్ల వారీగా సగటు సమయం చూస్తారు. నాలుగు గంటల్లో వచ్చినా సరే, మూడింటిలో వెనకబడ్డ బ్రిగేడ్ ఇంటికి.

మా క్యాటరింగ్ కంపెనీ నన్ను అల్ సువైక్‌లో ఖర్జూరం ప్యాకింగ్ వాళ్ల మెస్సుకు మార్చింది. ఇవాళే వెళ్లాలి. పనిలోంచి తీసేయలేదు, అదే గొప్ప.

జీపు దగ్గరికి ఒటియెనో వచ్చాడు. "మేము వద్దన్నాం. మీరు వినలేదు" అన్నాడు. కోపంగానే అన్నాడు. నేను తల దించుకున్నాను. "క్షమించు సార్జెంట్" అన్నాను. ఆయన, "మరీ గట్టిగా కూడా అనలేదు లెండి. ఆ పెసరట్టు బాగుంది" అన్నాడు. పెద్ద చెయ్యి నా భుజం మీద వేసి వెళ్లిపోయాడు.

లింబాద్రి సామాను జీపులో పెడుతూ, "మీరు ఫికర్ జేయకుండ్రి సార్. నేను కొలిచి పెడుత" అన్నాడు.

ఫిబ్రవరి 12, బుధవారం, అల్ సువైక్

అరవై మంది. ముందే భాగాలు కట్టి పెట్టిన పళ్లేలు. వడ్డన లేదు. బాగానే ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

బాగా లేదు. చుట్టూ ఖర్జూర తోటలు, మంచి గాలి, అన్నీ ఉన్నాయి. వాళ్లు ఇప్పుడు నడక సాధన చేస్తుంటారు. నాకు వాళ్ల మీద బెంగగా ఉంది. యాభై ఏడేళ్లవాడు ఇలా రాయొచ్చో లేదో. రాశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

పదకొండింటి దాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. పప్పు మాడింది. పదకొండూ ఇరవైకి లింబాద్రి చేశాడు. ఆయాసపడుతున్నాడు, తనే నడిచినట్టు.

"సార్, పొద్దుగాల రంగు బనీన్లు ఇచ్చిండ్రు. ఆఫ్రికోళ్లకు పసుపు, మన దిక్కోళ్లకు నీలం, అరబ్బోళ్లకు పచ్చ. ఒక్కోదాంట్ల చిప్ కుట్టిండ్రట. ఎవరెప్పుడొచ్చిండ్రో రంగును బట్టి మిషిన్ల పడుతదట."

"ఊఁ, తర్వాత?"

"గుడారంలకు బోయి ఏస్కొని బయటికొచ్చిండ్రు. నేను నీళ్ల డబ్బలు ఎక్కిస్తున్న. తలకాయెత్తి చూద్దును గద సార్, ఒక్కడన్న తన రంగు ఏస్కోలే. గా పొడుగాయన నీలంల ఉన్నడు, బొడ్డు కాడికి కూడ అందుతలేదు. నేపాలాయనకు పచ్చది మోకాళ్ల దాక వచ్చింది. సమ్రీన్ మేడమ్ పసుపుల ఉన్నది. మొత్తం కలగాపులగం!"

"ఎవరు చేయమన్నారు?"

"ఏమో సార్. నాకైతె తెల్వది. మేజర్ సాబ్ దిక్కు చూస్తె ఆయన కొండలు చూస్తుండు."

"అందరూ వచ్చారా? సమయానికి?"

"అందరొచ్చిండ్రు. ఆఖరికి వచ్చినాయనకు మూడు గంటల యాభై ఆరు నిమిషాలు. కాని సార్, కర్నల్ గరమైండు. మిషిన్ల మూడు రంగులు అచ్చం ఒక్క తీరుగ వచ్చినయట. ఏ బ్రిగేడ్ దెంతనో తెలుస్తలేదు. ఒక్కొక్కలను నిలబెట్టి, నీ అసలు బనీను ఏదని అడిగిండు. అందరు ఒక్కటే మాట సార్, యాదికి లేదని. నడక రద్దు జేస్తడేమో. మూడు దినాల్ల చెప్తడట."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మాడిన పప్పు ముందు నిలబడ్డాను. నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. సైన్యంలో ఇలాంటి పనికి ఏమంటారో నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లలో నేనైతే వేసుకునేవాణ్ని కాదు ఇంకొకడి రంగు.

ఫిబ్రవరి 19, బుధవారం

ఏమీ తెలియలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఏమీ తెలియలేదు. ఇంటికి బస్సులో కండక్టరుతో దెబ్బలాడాను, కిటికీ గురించి.

ఫిబ్రవరి 21, శుక్రవారం, ఘుబ్రా

పదిన్నరకు గౌహర్ ఫోన్. అన్నపూర్ణ పక్కనే ఉంది, పిల్లల హిందీ పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"రావు సాబ్, కర్నల్ నివేదిక వచ్చింది. మీకు చదివి వినిపించాలనిపించింది" అన్నాడు. గొంతును బట్టి ఏమీ తెలియలేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో.

చదివాడు. మొదట నడక సమయాలు. తర్వాత బనీన్ల సంగతి, ఆజ్ఞ మీరినందుకు కంపెనీ మొత్తానికి మందలింపు, కమాండర్‌కు విడిగా ఒకటి. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, ఆఖరి పేరా చదివాడు.

"'బ్రిగేడ్ల వారీగా ఫలితం ఇవ్వడం సాధ్యం కాలేదు. మూడు రోజులు ప్రయత్నించాం. వీళ్లను విడదీసే పద్ధతి మాకు దొరకలేదు. దీన్ని ఒకే కంపెనీగా ఆమోదిస్తున్నాం. మొదటి నియామకానికి సిద్ధం.'"

ఫోన్ చెవికి ఆనించుకునే గోడ కేసి తిరిగాను. అటు నుంచి గౌహర్ "రావు సాబ్? లైన్లో ఉన్నారా?" అంటున్నాడు.

అన్నపూర్ణ ఎర్ర కలం పక్కన పెట్టి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తన స్కూలు హిందీలో, పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడేంత మర్యాదగా చెప్పింది. "ఉన్నారు బాబూ. ఏడుస్తున్నారు. మీరు ఇంకొకసారి చదవండి, వింటారు."

ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పట్టుకుంది. ఆయన మళ్లీ మొదటి నుంచి చదివాడు.